డ్రమ్స్ నోటేషన్ టైపు చేసేవాళ్లు కాస్త సర్ది రాయాలి

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్‌లో మ్యూజిక్ నోటేషన్ రాసుకోవడం గురించి మొన్న మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది, కానీ లిలీపాండ్ దగ్గరికి వచ్చేసరికి అది ప్రోగ్రామర్ల వ్యవహారమని, అందులో డ్రమ్స్ రాస్తే అంతా గజిబిజి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను ప్రోగ్రామర్‌ని కాదండీ. పిల్లలకు డ్రమ్స్ నేర్పుకుంటూ, వాళ్ల పాటలన్నీ అందులోనే టైపు చేసుకుంటున్నాను. గజిబిజి ఉన్నమాట నిజమే, కాకపోతే అది నూటికి తొంభైపాళ్లు మనం రాసే తీరువల్ల వచ్చేది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. లిలీపాండ్ 1996లో హాన్‌వెన్ నీన్‌హౌస్, యాన్ నీవెన్‌హౌజెన్ అనే ఇద్దరు డచ్చివాళ్లు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగం. మౌస్‌తో నోట్లు అతికించే పని ఉండదు, మామూలు టెక్స్ట్ ఫైల్లో టైపు చేస్తే పీడీఎఫ్‌గా అచ్చువేసి ఇస్తుంది. డ్రమ్‌మోడ్ అని చెప్పి బాస్ డ్రమ్‌కి ‘బీడీ’, స్నేర్‌కి ‘ఎస్ఎన్’, హైహ్యాట్‌కి ‘హెచ్‌హెచ్’ అని రాయాలి, పక్కన 4 వేస్తే క్వార్టర్ నోటు (మామూలుగా ఒక బీటు), 8 వేస్తే ఎయిత్ నోటు (అందులో సగం). ఇందులో ప్రోగ్రామింగ్ ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

కష్టం ఎక్కడొస్తుందంటే, కొత్తవాళ్లు పాట మొదటి బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) నుంచి ఆఖరి బార్ దాకా వరసపెట్టి టైపు చేసుకుంటూ పోతారు. పల్లవిలో తిరిగి తిరిగి వచ్చే దరువుని, అంటే గ్రూవ్‌నే కాపీ, పేస్టు, కాపీ, పేస్టు. చివరికి పాడేవాళ్లు వచ్చి ఆ రెండో కిక్ (బాస్ డ్రమ్ దెబ్బ) తీసేయండి మాస్టారూ అంటే, ఇక ఫైలంతా వెతుక్కుంటూ ముప్పై చోట్ల మార్చాలి, అందులో రెండు చోట్ల మర్చిపోతారు, ఆ రెండూ స్టేజీ మీదే బయటపడతాయి. దీనికి మందు చాలా చిన్నది: గ్రూవ్‌కి ఒక పేరు పెట్టి ఒక్కసారే రాయడం, కావలసిన చోటల్లా ఆ పేరు పిలవడం. మన పాటకి పల్లవి, చరణం, ఇంటర్లూడ్ అని భాగాలు ఎలాగూ ఉన్నాయి కదా, ఆ పేర్లే వాడండి. అప్పుడు పాట మొత్తం ఒక్క లైన్లో కనిపిస్తుంది (ఇది చేతులతో వాయించే భాగం, కాళ్ల సంగతి తర్వాత చెప్తాను; ఫిల్లు అంటే భాగాల మధ్య వేసే చిన్న ముక్క):

చేతులు = { \ఇంట్రోచేతులు \పల్లవిచేతులు \ఫిల్లుచేతులు \చరణంచేతులు \పల్లవిచేతులు }

అవును, తెలుగు అక్షరాలతో పెట్టిన పేర్లు కూడా తీసుకుంటుంది. అయినా నేను ఇంగ్లీషు అక్షరాల్లోనే పెడతాను, ఎందుకంటే మాటిమాటికీ కీబోర్డు మార్చడం విసుగు, పైగా తెలుగులో కంటికి కనపడని జాయినర్ (అక్షరాలు కలవాలో విడిపోవాలో చెప్పే గుర్తు) ఒకచోట పడి ఇంకోచోట పడకపోతే మనకి రెండూ ఒకే పేరులా కనిపిస్తాయి, లిలీపాండ్ మాత్రం ఆ పేరే తెలియదంటుంది. పేరు చివర ఊరికే 1, 2 అని అంకెలు తగిలించినా ఒప్పుకోదు. గ్రూవ్‌ఎ, గ్రూవ్‌బి అనుకోండి.

ఇక అసలు తలనొప్పి చేతులు, కాళ్ల దగ్గర. డ్రమ్స్‌లో చేతులతో వాయించేవాటికి నోట్ల కాడలు పైకి, కాళ్లతో వాయించేవాటికి కిందికి వేయడం మామూలు పద్ధతి. లిలీపాండ్‌లో వీటిని రెండు వాయిస్‌లుగా విడివిడిగా రాసి ఒకే స్టాఫ్ (నోట్లు కూర్చునే గీతల వరస) మీద కలుపుతాం. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎక్కువభాగం ఎలా ఉంటాయంటే, చేతుల లైను పాట చివరిదాకా ఒకచోట, దాని కింద ఎక్కడో వంద లైన్ల తర్వాత కాళ్ల లైను. పదిహేడో బార్‌లో కాళ్లకి ఒక ఎయిత్ రెస్టు (అర బీటు విరామం) మర్చిపోతే, అక్కడి నుంచి కిక్కులన్నీ అర బీటు ముందుకు జరిగిపోతాయి, ఆ పీడీఎఫ్ చూసి వాయించే కుర్రాడికి చెమటలు పడతాయి. అందుకే పల్లవి చేతులు రాశాక, వెంటనే దాని కిందే పల్లవి కాళ్లు రాయండి. రెండూ ఒకే తెరలో కనిపిస్తే బార్‌కి బార్ సరిచూసుకోవచ్చు. ప్రతి బార్ చివర నిలువు గీత తప్పకుండా టైపు చేయండి. కాగితం మీద గీత ఎలాగూ దానంతటదే వస్తుంది, మనం టైపు చేసేది లెక్క చూడటానికి. లెక్క తప్పితే ఏ లైన్లో తప్పిందో చూపిస్తూ లాగ్‌లో ‘బార్ చెక్ ఫెయిల్డ్’ అని పడుతుంది. గ్రూవ్ ఒక్కచోటే రాసి ఉంటే దిద్దాల్సిందీ ఆ ఒక్కచోటే.

అలాగని ప్రతి బార్‌కీ ఒక పేరు పెట్టేవాళ్లున్నారు, అదింకో జబ్బు. ఒక్క ఫిల్లు చూడాలంటే నాలుగు పేర్లు వెతుక్కుంటూ పైకీ కిందికీ తిరగాలి. నాలుగు బార్లో, ఎనిమిది బార్లో కలిపి వాయించేవాడు ఒక్క ఊపులో అనుకునేంత భాగానికి ఒక పేరు చాలు. ఒకేసారి వచ్చే ఫిల్లుకి అసలు పేరే అక్కర్లేదు, అక్కడే రాసేయండి.

కిట్ సంగతి, అంటే డ్రమ్స్ సెట్టులో దేన్ని ఎలా చూపించాలన్నది మాత్రం వేరే ఫైల్లో ఉంచాలి, దీంట్లో మొహమాటం లేదు. స్నేర్ ఏ గడిలో కూర్చోవాలి, క్రాష్ తాళానికి నోటు తలకాయ ఇంటు గుర్తా ఇంకోటా, ఓపెన్ హైహ్యాట్ మీద సున్నా పెట్టాలా అన్నవన్నీ ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటాయి. లిలీపాండ్‌లో మామూలు పద్ధతితో పాటు అగోస్తీని, వైన్‌బర్గ్ పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి, నచ్చకపోతే మన పట్టిక మనమే రాసుకోవచ్చు. ఆ పట్టికని ‘ఐఎల్‌వై’ అనే పొడిగింపుతో ఒక ఫైల్లో పెట్టి, ప్రతి పాటలో ఇన్‌క్లూడ్ చేస్తే సరి. ట్రినిటీ లాంటి గ్రేడ్ పరీక్షలకు వెళ్లే పిల్లలకి పుస్తకం మారినప్పుడు ఆ ఒక్క ఫైలు మారిస్తే చాలు, పాటల్లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోనక్కర్లేదు. మౌస్‌తో అతికించిన పాటలకి ఇంత సుళువుగా చేసి చూపించమనండి మీ వ్యాసకర్తని.

డప్పుకి ఇందులో రెడీమేడ్ పేరు లేదు, అది లోటే. అయితే కొత్త వాయిద్యాలకి పేర్లు మనమే చేర్చుకునే దారి ఉంది. స్టాఫ్‌కి ఒకే గీత ఉంచి, ఒక పుల్ల దెబ్బని గీతకి పైన, రెండో పుల్ల దెబ్బని కింద పెట్టుకుంటే దరువు రాసుకోవడానికి ఇబ్బంది లేదు. ఎవరైనా దరువులన్నీ ఇలా ఎక్కించి, ఆ పట్టిక ఫైలు పదిమందికీ ఇస్తే బాగుంటుంది.

ఇవ్వడం అంటే గుర్తొచ్చింది. మన బ్యాండ్ గ్రూపుల్లో అందరూ పీడీఎఫ్ ఒక్కటే పంపిస్తున్నారు, స్కేలు మారినా, కిక్ మారినా మళ్లీ మొదటికి. దయచేసి టెక్స్ట్ ఫైలు, కిట్ ఫైలు రెండూ జతచేసి పంపండి, పైన ఏ లిలీపాండ్ వెర్షన్‌లో రాశారో చెప్పే లైను తీసేయకండి. అది ఉంటే పాత ఫైలుని కొత్త వెర్షన్‌కి మార్చే పని చాలావరకు లిలీపాండ్‌తో వచ్చే కన్వర్ట్‌ఎల్‌వై అనే ప్రోగ్రామ్ చూసుకుంటుంది.

ఇట్లు,
ఒక డ్రమ్స్ మాస్టారు, గుంటూరు