లారెన్స్ పుస్తకం: ఏ ప్రతి?

సంపాదకులకు,

మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కులపై అరబ్బులు చేసిన తిరుగుబాటు గురించిన మీ ఆదివారం వ్యాసం, అందులో వాళ్ల వెంట నడిచిన బ్రిటిష్ అధికారి టి.ఇ. లారెన్స్ రాసిన ‘సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్’ను ఒక్క వాక్యంలో తేల్చేసింది. అసలు ఆ పేరుతో ఉన్న పాఠం ఒకటి కాదు. తొలి రాతప్రతిలో చాలా భాగం 1919లో రెడింగ్ రైల్వే స్టేషన్‌లో పోయింది. మళ్లీ రాసింది 1922లో ఎనిమిదే ప్రతులు అచ్చయింది. దాదాపు 3,35,000 మాటలు. 1926 నాటి చందాదారుల ప్రతికి అది సుమారు 2,50,000కి దిగింది. షాపుల్లో మామూలుగా దొరికేది ఈ కోతపడ్డ పాఠమే.

కొనేముందు తొలి పేజీలు తిప్పి, నాటకకర్త బెర్నార్డ్ షా సలహాతో 1926లో తీసేసిన పరిచయ అధ్యాయం ఉందో లేదో చూడాలి. అరబ్బులకిచ్చిన మాట బ్రిటన్ నిలబెట్టుకోదని తెలిసే వాళ్లను యుద్ధంలోకి నడిపానని లారెన్స్ అందులో సూటిగా చెప్పాడు. అది లేని ప్రతి కొనడం దండగ.

33వ అధ్యాయంలోని లెక్కను మాత్రం కళ్లు మూసుకుని ఎత్తిరాయకూడదు. తిరుగుబాటును అణచడానికి తుర్కులు కాపలా కాయాల్సిన అరబ్ నేల 1,40,000 చదరపు మైళ్లు, నాలుగు చదరపు మైళ్లకో సైనిక ఠాణా, ఠాణాకు 20 మంది. తుర్కులకు ఆరు లక్షల సైన్యం కావాలంటాడు. గుణించి చూడండి, ఏడు లక్షలొస్తుంది! వాదన నిలుస్తుంది, అంకె నిలవదు.

ఇక అరబ్బులతో ఎలా మెలగాలో బ్రిటిష్ అధికారులకు చెబుతూ లారెన్స్ 1917 ఆగస్టులో రాసిన ‘27 సూత్రాలు’ ఎడారి సంచారులైన బెదూయిన్‌ల వరకే. పట్నవాసులతో, సిరియన్లతో పద్ధతి పూర్తిగా వేరని ఆయనే మొదట్లో రాశాడు. వ్యాసకర్త వాటిని అరబ్బులందరికీ అంటగట్టారు.

– ఒక పాఠకుడు, విజయవాడ