దుబాయ్‌కి రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పత్రికలో హైదరాబాద్ నుంచి ఏ దేశానికి ఎంత దూరం, ఎంతసేపు అని ఒక పట్టిక వేశారు. దుబాయ్ ఎదురుగా 1,585 కిలోమీటర్లు, వెళ్ళడానికి రెండున్నర గంటలు, రావడానికి అయిదు గంటలు అని ఉంది. మూడూ తప్పే. సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను, వేయలేదు.

1,585 అనేది మైళ్ళు. కిలోమీటర్లలో అయితే దాదాపు 2,550. ఇక టైము సంగతి. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో లేచిన విమానం అక్కడ ఆరున్నరకు దిగిందంటే మన గడియారంలో అప్పటికి ఎనిమిది, అంటే నాలుగు గంటల ప్రయాణం. అక్కడ రాత్రి పదింటికి బయల్దేరి ఇక్కడ మూడింటికి దిగితే అది మూడున్నర గంటలే. ఆ అరగంట తేడా గాలి వల్ల. అంత ఎత్తులో గాలి ఏడాదిలో ఎక్కువ నెలలు పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు, చలికాలంలో ఇంకా ఎక్కువ. ముప్పై ఏళ్ళు బడిలో రేఖాంశాలు చెప్పాను, హైస్కూలు పిల్లలు చేసే లెక్క ఇది. అచ్చుకు పోయే ముందు ఒక్కరైనా చూడరా?

ఇంత చిన్నదానికి ఇంత కోపమా అనుకోవద్దు. మా వీధిలో ఒకావిడ కొడుకు పోయిన వారమే మొదటిసారి దుబాయ్ వెళ్ళాడు, నాలుగింటి విమానం. మీ పట్టిక చూసి ఆవిడ ఆరున్నర నుంచి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడైంది, ఎనిమిదైంది, ఫోన్ లేదు. "సారూ, రెండున్నర గంటలే అన్నరు గదా, నా కొడుకు ఏడున్నడు" అని ఏడుస్తూ మా గుమ్మంలోకి వచ్చింది. పిల్లవాడు దిగి, ఇమ్మిగ్రేషన్ దాటి ఫోన్ చేసేసరికి మనకు తొమ్మిదిన్నర. అంతవరకూ ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

పంపించే ఏజెంట్లూ చెప్పరు, అధికారులూ చెప్పరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ ఉందా? అయినా మా ప్రయాణం ఎవరికీ పట్టదు. ఇక్కణ్ణుంచి శంషాబాద్ రెండువందల కిలోమీటర్లకు పైనే, బస్సులో వెళ్ళి సికింద్రాబాద్‌ జేబీఎస్ బస్టాండులో దిగి మళ్ళీ ఇంకో బస్సు పట్టుకోవాలి, ఆపైన విమానానికి మూడు గంటల ముందు ఉండాలంటారు. దుబాయ్ చేరడం కంటే శంషాబాద్ చేరడానికే ఎక్కువసేపు పడుతోంది! మా దగ్గర్లో విమానాశ్రయం వస్తుందంటూ జక్రాన్‌పల్లి, బసంత్‌నగర్, మామునూరు అని ఏళ్ళ తరబడి పేర్లు వింటూనే ఉన్నాం, మా పిల్లలు మాత్రం ఈరోజుకీ శంషాబాదే పోతున్నారు.

దయచేసి సవరణ వేయండి. మూలన రెండు లైన్లు కాదు, అదే పేజీలో, అంతే పెద్ద పట్టికగా, రెండు దేశాల టైమూ పక్కపక్కన పెట్టి వేయండి. ఆవిడ మీ పాత పట్టికను కత్తిరించి క్యాలెండర్ పక్కన గోడకు అంటించుకుంది. కొత్తది దాని మీద అంటిస్తానని చెప్పాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల