శోకాల రికార్డింగ్: చందాల జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

మన ఊళ్లో ఎవరైనా పోతే ఇప్పుడు ముందు ఫ్రీజర్ పెట్టె వస్తుంది, వెంటనే మైకులో ఘంటసాల గారి భగవద్గీత మొదలవుతుంది. శోకాలు పెట్టి ఏడ్చే అవ్వలు ఇంకా ఉన్నారు. మైకు మోతలో వాళ్ల గొంతే వినబడటం లేదు. వాళ్లు ఉండగానే ఆ శోకాలను రికార్డు చేసి పుస్తకంగా వేద్దామని 2024 డిసెంబర్‌లో అనుకున్నాం. తండాలో పెళ్లికూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు ఏడుస్తూ పాడే ధావ్లో పాటలనూ చేర్చాం.

ఊళ్లో ఇల్లిల్లూ తిరిగితే 21,450 రూపాయలు వచ్చాయి. హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు 15,000 పంపారు. తండా నుంచి 3,650. రికార్డు చేసిన పాటలు వినిపించిన రాత్రి హుండీలో 1,820 పడ్డాయి. మొత్తం జమ 41,920.

అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు సౌండ్ పనికే అయింది. రికార్డింగ్ చేసిన తమ్ముడికి 8,000, మైకులకు, రికార్డర్‌కు రోజుకు 1,500 కిరాయి చొప్పున 6,000. మూడు రోజులు అనుకున్నది నాలుగైంది. మొదటి రోజు అవ్వలను ఒకరింటి అరుగు మీద కూర్చోబెట్టాం. చావు లేని ఇంట్లో శోకం పెట్టకూడదని వాళ్లు లేచి వెళ్లిపోయారు. ముందే అడగాల్సింది, తప్పు మాదే. ఆ 1,500 వృథా అయింది. మర్నాడు ఊరి బయట చింతచెట్టు కిందికి మారాం.

అక్కడ ఒక అవ్వ కొంగు తల మీదికి లాక్కుని, అరచేత్తో నేలను తడుముతూ మొదలుపెట్టింది. "కొడుకా" అన్నప్పుడల్లా గొంతు పైకి లేచి, ఊపిరి ఉన్నంతసేపూ సాగి, ఎక్కిట్లో తెగిపోయేది. కొడుకు పోయి పందొమ్మిదేళ్లు. అతను కొన్న ఎడ్లు, విత్తనాల బాకీ, చూడటానికి రాని బామ్మర్ది, అన్నీ అందులో వచ్చాయి. నలభై నిమిషాలు పాడింది. చాలమ్మా అనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

ప్రింటింగ్‌కు 7,500. ఇందులో 900 రెండు పేజీలు మళ్లీ వేయించినందుకు. ఒక శోకంలో వదిన మీద నిష్ఠూరం ఉంటే ఆ కుటుంబం తీసేయమంది. పేర్లు తీసేశాం, నిష్ఠూరం ఉంచాం. అది లేకపోతే ఆ శోకంలో సగం ప్రాణం పోతుంది. ఐర్లాండ్‌లో 1773లో ఐలీన్ దువ్ అనే ఆమె భర్తను కాల్చి చంపారు. ఐదు పౌండ్లకు గుర్రం అమ్మనన్నాడని పగ. ఆమె పేరు మీద జనం పాడుకున్న శోకంలోనూ ఆడపడుచుతో మాటకు మాట ఉంది. అలా నోటి మీదే బతికి, తర్వాత కాగితమెక్కింది.

వినిపించిన రాత్రి కుర్చీలకు, మైకుకు, ప్రొజెక్టర్‌కు 2,700. మనవాటితో పాటు ఫిన్లాండ్, రష్యా సరిహద్దులోని కరేలియా శోకాలు కూడా వినిపించాం. మనం పేరుపెట్టి, వరసపెట్టి పిలిచి ఏడుస్తాం. వాళ్లు పోయినవాళ్ల పేరు ఎత్తరు, చాటుమాటలతోనే తలుచుకుంటారు. పెళ్లికూతురిని పంపేటప్పుడూ అక్కడ ఇలాగే పాడేవారని చెప్పగానే తండా అక్కలు ముందుకు జరిగి కూర్చున్నారు. చరణం చివర గొంతు కిందికి జారడం విని "ఇది మాదే" అన్నారు.

తండాకు జీపు 2,400. టీలు, భోజనాలు 4,730, ఇందులో 380కి బిల్లు లేదు.

పాడినవాళ్లు 11 మంది. డబ్బు ఇవ్వబోతే "ఏడుపుకు కూలి తీస్కుంటమా బిడ్డా" అన్నారు. ఐర్లాండ్‌లో శోకం పెట్టే ఆడవాళ్లకు డబ్బు ఇచ్చేవారని, అందులో తప్పు లేదని చెప్పి చూశాం, ఒప్పుకోలేదు. చివరికి 850 చొప్పున చీరలు కొన్నాం, 9,350.

మొత్తం ఖర్చు 40,680. మిగిలిన 1,240 కమిటీ ఖాతాలో ఉంది. బిల్లులన్నీ లైబ్రరీలో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

చింతచెట్టు కింద పాడిన అవ్వ చీర కూడా తీసుకోలేదు. "నా కొడుకు కోసం పాడిన, చీరె కోసం కాదు" అంది. ఆ చీర కవర్‌తో సహా లైబ్రరీ బీరువాలో ఉంది. దాన్ని ఏం చేయాలో ఆదివారం మీటింగ్‌కు వచ్చి చెప్పండి.

ఇట్లు,
కమిటీ సభ్యులు