మూడు బస్సులూ ఒకేసారి పంపకండి, మంత్రిగారూ

కర్ణాటక రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల ఉంటూ ఔటర్ రింగ్ రోడ్డు మీద సిటీ బస్సుల్లో తిరిగే తెలుగువాళ్లం రాస్తున్నాం. కొత్త బస్సులు కొంటే సంతోషమే. మేం అడిగేది ఉన్న బస్సుల మధ్య ఎడం గురించి.

ఈ రోడ్డు మీద తిరిగే 500డి లాంటి రూట్లో పది నిమిషాలకో బస్సు అనుకుందాం. సక్రమంగా వస్తే స్టాపులో సగటున 5 నిమిషాలు నిలబడాలి. అవే మూడు బస్సులు గుంపుగా అరగంటకోసారి వస్తే 15 నిమిషాలు. బస్సు ఒక్కటీ తగ్గలేదు, డీజిలూ మిగల్లేదు.

ఇది డ్రైవర్ల తప్పు కాదు. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఒక బండి నాలుగు నిమిషాలు ఇరుక్కుంటే తర్వాతి స్టాపులో జనం పోగవుతారు. మనిషికి 3 సెకన్లు వేసుకున్నా, అదనంగా 20 మంది ఎక్కితే ఇంకో నిమిషం పోయినట్టే. స్టాపు స్టాపుకీ ఇదే వరస. వెనక బండికి ఎక్కేవాళ్లే ఉండరు, అది ఖాళీగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది.

బస్సుల్లో జీపీఎస్ ఉంది కదా. కంట్రోలర్ గడియారం చూసి కాకుండా, ముందు బండి ఏ స్టాపు దాటిందో చూసి తర్వాతిదాన్ని వదలాలి. ఎడం 5 నిమిషాల లోపుంటే ఆపాలి. ఆపడం టెర్మినల్లోనే జరగాలి, దారిలో నిండు బస్సును నిలిపితే జనం ఊరుకోరు. దారిలో రెండు కలిస్తే వెనకది దాటిపోయి, దిగేవాళ్లున్నచోటే ఆగుతూ కాస్త ముందుకెళ్లాలి. ఇలా ఆగినందుకు ట్రిప్పు తగ్గితే సిబ్బంది మీద రాయకూడదు. రాస్తే ఏ డ్రైవరూ ఆపడు.

గుంపుగా వస్తే ప్రమాదం కూడా. రెండో బస్సుకు స్టాపులో చోటుండదు, రెండో లేన్లోనే ఆగుతుంది. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోకి బైకులు దూరతాయి. డోరు తెరుచుకునేది అటువైపే. 12 మీటర్ల బస్సులు రెండు ఆగాలంటే 24 మీటర్లు కావాలి, తిప్పుకోవడానికి ఇంకొంత. శుక్రవారం సాయంత్రం ఆ చోటంతా కర్నూలు, తిరుపతి, విజయవాడ వెళ్లే ప్రైవేటు బస్సులదే. వాటికి సర్వీస్ రోడ్డులో వేరే పికప్ పాయింటు ఇప్పించండి, మావాళ్లు నాలుగడుగులు ఎక్కువ నడిచినా పరవాలేదు.

2019లో సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా బస్సులకు ప్రత్యేక లేన్ పెట్టారు. మెట్రో పనులకు అది పోయింది. మెట్రో లైను మొత్తం పూర్తయ్యేదాకా చూడకుండా, స్తంభాల పని ముగిసినచోట స్టాపుకు అటూ ఇటూ 50 మీటర్లయినా ఆ లేన్ ముందుగా గీయించండి.

ఇట్లు,
మారతహళ్లి తెలుగు ప్రయాణికులు