మా వెండి తొట్టెకు మేమే కట్టుకున్న కరెంటు పెట్టె

కరీంనగర్‌లో మా దగ్గర వెండి శుద్ధి చేయించుకునే స్వర్ణకారులకు, ఫిలిగ్రీ (సన్నని వెండి తీగల అల్లిక) పనివారికి, ఇళ్ల నుంచి పాత పట్టీలూ పళ్లేలూ తెచ్చేవారికి ఈ వివరాలు రాస్తున్నాను. ఇకపై సరుకు తిరిగి ఇవ్వడానికి మునుపటికంటే ఎక్కువ సమయం పడుతుంది. తొట్టెకు కరెంటు అందించే పరికరాన్ని మార్చడమే కారణం. కొత్తది బజారులో కొన్నది కాదు, మా వర్క్‌షాపులోనే కట్టుకున్నాం. ఇంట్లో కట్టిన పెట్టెతో మా వెండికి ఏమవుతుందోనని కొందరు ఇప్పటికే అడిగారు. అడగడం న్యాయమే. అందుకే పెట్టె మూత తీసి చూపించినట్టుగా అంతా చెబుతాను.

తొట్టెలో జరిగేది ముందు చెప్పాలి. మీరిచ్చిన వెండిని కరిగించి పలకలుగా పోసి, గుడ్డ సంచిలో పెట్టి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేలాడదీస్తాం. అది ఆనోడ్. ఎదురుగా స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, అది కాథోడ్. కరెంటు పోతుంటే పలకలోని వెండీ రాగీ రెండూ ద్రావణంలోకి దిగుతాయి, కానీ రేకు మీదికి వెండి ఒక్కటే చేరుతుంది. రాగి ద్రావణంలోనే ఉండిపోయి దాన్ని నీలంగా మారుస్తుంది. 1884లో బెర్న్‌హార్డ్ మోబియస్ పేటెంటు పొందిన పద్ధతి ఇది. నేటికీ వెండి శుద్ధికి ఇదే ఆధారం.

ఈ పనికి తొట్టె కొసల మధ్య రెండు మూడు వోల్టులు చాలు. అమ్మకానికి దొరికే ప్లేటింగ్ రెక్టిఫయర్లు (ఇంటి కరెంటును ఒకే దిశలో పోయేలా మార్చే యంత్రాలు) ఎక్కువగా 12 వోల్టులవి. అంత పెద్ద యంత్రాన్ని అడుగు మట్టంలో నడిపిస్తే కరెంటు నిలకడగా ఉండదు. చెడిపోతే మరమ్మతుకు వేరే ఊరికి పంపి, తిరిగి వచ్చేదాకా పని ఆపుకోవాలి. మేం కట్టుకున్న దానిలోని ప్రతి భాగమూ మన ఊళ్లోనో, హైదరాబాద్‌లోనో మామూలు దుకాణంలో దొరుకుతుంది.

లోపల ఉన్నవి చాలా కొద్ది వస్తువులు. 230 వోల్టుల నుంచి 9-0-9 వోల్టులకు (మధ్య తీగకు రెండు వైపులా తొమ్మిదేసి) దించే ట్రాన్స్‌ఫార్మర్, దాని లోపలి చుట్లు మందపాటి రాగి పట్టీతో వేసినవి. అల్యూమినియం హీట్‌సింక్‌కు బిగించిన రెండు డయోడ్లు, కరెంటును ఒకే దిశలో పోనిచ్చేవి. నాలుగు డయోడ్ల బ్రిడ్జి పెడితే కరెంటు ఒకేసారి రెండు డయోడ్లు దాటాలి, ఒక్కొక్క దానిలో ముప్పావు వోల్టుకు పైగా పోతుంది. మొత్తం పని రెండు మూడు వోల్టులలో జరిగే చోట ఆ నష్టం చిన్నది కాదు. మధ్య తీగ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అయితే కరెంటు ఒకసారికి ఒక్క డయోడ్ దాటితే సరిపోతుంది. కరెంటు ఎగుడుదిగుళ్లను నునుపు చేసే కెపాసిటర్లు పెట్టలేదు. వెండి ఎంత చేరుతుందన్నది మొత్తం ఎంత విద్యుత్తు ప్రవహించిందన్న దాన్ని బట్టే ఉంటుంది, అది సెకనుకు వంద సార్లు ఎగిసిపడుతూ వచ్చినా ఫరవాలేదు.

డయోడ్ల తర్వాత 0.25 ఓముల నిక్రోమ్ (హీటర్లలో వాడే తీగ) చుట్ట ఉంది. ఈ పెట్టెకు ప్రాణం అదే. రేకు మీద వెండి నునుపుగా పూతలా పట్టదు, చెట్టు కొమ్మల్లా పలుకులు పలుకులుగా ఎదుటి సంచి వైపు పెరుగుతుంది. ఏ అర్ధరాత్రో ఒక కొమ్మ వెళ్లి సంచిలోని పలకను తాకితే షార్టు అవుతుంది. మామూలు సప్లైలో అప్పుడు కరెంటు అమాంతం పెరిగి డయోడ్లనో వైరునో కాల్చేస్తుంది. ఈ చుట్ట ఉంటే మామూలుగా 20 ఆంపియర్లు నడిచే చోట, షార్టు అయినప్పుడు 29 దగ్గర ఆగిపోతుంది. ముల్లున్న పాత తరహా ఆమ్మీటరు బిగించాం. ముల్లు 20 దాటి పైకి ఎక్కిందంటే పలుకులు తాకాయని అర్థం, ప్లాస్టిక్ కడ్డీతో వాటిని రాల్చగానే మళ్లీ కిందికి దిగుతుంది.

దీనికి ఖరీదు ఉంది. తొట్టె నిజంగా వాడుకునేది 50 వాట్లలోపు, చుట్ట వేడెక్కడానికి పోయేది 100 వాట్లకు పైనే. కరెంటు బిల్లు కోణంలో చూస్తే ఇది దుబారా పరికరమే. కానీ రాత్రంతా నడిచే పనిలో కాలిపోని యంత్రం నాకు ముఖ్యం. ఆ ఖర్చును మీ కూలిలో కలపడం లేదు.

ఇక సమయం సంగతి. ఒక ఆంపియర్ ఒక గంట నడిస్తే 4.025 గ్రాముల వెండి చేరుతుంది. ఫారడే నియమం చెప్పిన లెక్క ఇది, ఎవరి తొట్టెలోనూ అంతకు మించి రాదు. 20 ఆంపియర్లతో గంటకు 80 గ్రాములు, ఎక్కడా ఆగకుండా నడిస్తే రోజుకు 1.93 కిలోలు. అంతకంటే ఎక్కువ చేయగలనని మాట ఇస్తే అది అబద్ధమే అవుతుంది. మా రేకు వైశాల్యానికి 20 దాటి కరెంటు పెంచితే రేకు చుట్టూ ఉన్న వెండి తరిగిపోయి, దాని వెంట రాగి కూడా దిగడం మొదలవుతుంది. పలుకులు బిరుసుగా రాకుండా బురదలా మెత్తగా వచ్చి, లోపల నీలి ద్రావణాన్ని పట్టి ఉంచుకుంటాయి. ఎంత కడిగినా వదలదు. ఫిలిగ్రీ పనివారికి ఇది అందరికంటే బాగా తెలుసు. తీగను ఒక్కో రంధ్రం దాటిస్తూ సన్నబరుస్తున్నప్పుడు వెండిలో రాగి ఉంటే తీగ గట్టిపడి మొండికేస్తుంది, మాటిమాటికీ కాల్చి మెత్తబరచాలి, కాల్చిన ప్రతిసారీ నలుపెక్కుతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన పని. దానికి నాసి వెండి ఇచ్చి తొందర చూపించడం నాకు ఇష్టం లేదు.

టంచ్ (నూటికి ఎంత వెండి ఉందన్న లెక్క) తక్కువ సరుకు మరింత ఆలస్యమవుతుంది, కూలి కూడా ఎక్కువ. కారణం మా ఇష్టం కాదు. పలక నుంచి ఒక గ్రాము రాగి దిగితే, దానికి బదులుగా ద్రావణంలో నుంచి 3.4 గ్రాముల వెండి రేకు మీదికి పోతుంది. 92.5 టంచ్ కిలో పలకలో రాగి 75 గ్రాములు, అంటే తొట్టె తన సొంత నిల్వలోంచి 254 గ్రాముల వెండి పోగొట్టుకుంటుంది. అదే 80 టంచ్ అయితే 680 గ్రాములు దాకా. అందుకే అలాంటి సరుకును నేరుగా తొట్టెలో వేయం. ముందు నత్రికామ్లంలో కరిగించి, రాగి రేకు పెట్టి వెండిని పొడిగా దించి, ఆ పొడిని మూసలో కరిగించి పలక పోస్తాం. ఆ తర్వాతే తొట్టె.

ఇంతకుముందు ఎవరూ నేరుగా అడగని విషయం ఒకటి నేనే చెబుతాను. మీరిచ్చిన వెండే మీకు తిరిగి రాదు. రేకు మీద చేరేది ద్రావణంలో అప్పటికే ఉన్న వెండి, మీ పలకలోది ద్రావణంలోకి వెళ్తుంది. బరువు, టంచ్ లెక్క చూసుకొని అంత వెండి ఇస్తాం, అంతే. అమ్మమ్మ భరిణె, పెళ్లినాటి మట్టెలు లాంటివి దయచేసి కరిగించడానికి ఇవ్వకండి. బంగారు పూత ఉన్న వస్తువులైతే ముందే చెప్పండి. బంగారం ద్రావణంలో దిగదు, సంచి అడుగున నల్లటి బురదగా మిగులుతుంది. మీ సరుకుకు వేరే సంచి కడతాం, ఆ బురద మీదే.

పలుకులను డిస్టిల్డ్ నీటితో కడిగాక, చివరి కడుగు నీటిలో అమ్మోనియా చుక్కలు వేసి చూస్తాం. కాస్త నీలం కనిపించినా రాగి ఉన్నట్టే, మళ్లీ కడుగుతాం. తర్వాత అమ్మోనియా వేయని కడుగు నీటిలో ఉప్పు చుక్క, తెల్లగా మబ్బు కట్టిందంటే సిల్వర్ నైట్రేట్ ఇంకా ఉన్నట్టే. రెండూ తేటగా ఉంటేనే మూసలోకి. మీరు ఎదుట నిలబడి ఈ పరీక్ష చూడవచ్చు.

పెట్టె బొమ్మ గీసి ఇవ్వమని కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇస్తాను, కానీ రెండు షరతులు. చుట్లు విడివిడిగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, వేరియాక్ (ఒకే చుట్టతో వోల్టేజిని తిప్పి మార్చే పరికరం) ఒక్కదానితో వోల్టేజి దించి తొట్టెకు కలపకూడదు. మీటరు 3 వోల్టులే చూపించినా ఆ తీగ నేరుగా మెయిన్స్‌కు కలిసే ఉంటుంది, తడి చేత్తో ముట్టుకుంటే ప్రాణం పోతుంది. రెండోది, నత్రికామ్లం గోధుమ రంగు పొగ వదిలే పని ఇంటి లోపల చేయకూడదు. ఆ పొగ పీల్చిన కాసేపటికి బాగానే అనిపిస్తుంది, గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మా పెట్టెను కూడా ఆ పొగ తగలకుండా గోడకు ఇవతలి గదిలో పెట్టాం. మధ్యలో నాలుగు మీటర్ల తీగ పడుతుంది. మామూలు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే 20 ఆంపియర్ల దగ్గర దానిలోనే 0.6 వోల్టులు పోతాయి, అందుకని 10 చదరపు మిల్లీమీటర్లది వేశాం.

వాడిన ద్రావణాన్ని కాలువలో పోయం. మిగిలిన వెండిని రాగితో, ఆ రాగిని పాత ఇనుముతో దించి, సున్నంతో ఆమ్లాన్ని చంపి, అడుగున చేరిన మడ్డిని విడిగా డబ్బాల్లో భద్రపరుస్తున్నాం.

92.5 టంచ్ కిలోలోపు సరుకుకు మూడు రోజులు, తక్కువ టంచ్‌కు ఐదు రోజులు పెట్టుకోండి. కరెంటు కోత ఉంటే ఆ గంటలు అదనం. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికి కావలసిన వెండి ఆషాఢం చివరి వారానికల్లా మా దగ్గరికి చేరితే సమయానికి ఇవ్వగలం. ఆ తర్వాత తెచ్చినవారికి వ్రతం దాటాకే ఇస్తామని ముందే చెప్పి తీసుకుంటాం.