విండో మూస్తే సరిపోదురా

ఒరేయ్ క్యాప్స్‌లాకూ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మిగతావన్నీ ఫోన్లో. అసలు సంగతికొస్తా, ఆగలేకపోతున్నా.

మూడు, నాలుగు, ఐదు తరగతుల కంప్యూటర్ పీరియడ్ నీకు అప్పగించారని, బొమ్మలూ టైపింగూతో మొదలుపెడతాననీ రాశావు కదా. వద్దురా. ముందు లాగౌట్ నేర్పు, అంటే తెరిచిన ఖాతాలోంచి బయటికి రావడం. నవ్వకు, చివరిదాకా చదువు.

ఒక్కో కంప్యూటర్ ముందు రోజంతా పిల్లలు మారుతూనే ఉంటారు. బెల్లు కొట్టగానే మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి లేచిపోతారు. తర్వాత కూచున్న పిల్ల అదే వెబ్‌సైట్ తెరిస్తే ముందువాడి పేరు, వాడి బొమ్మ సిద్ధంగా ఉంటాయి. తనది కాదని కూడా తెలియకుండా దాని మీద గీసేస్తుంది. మర్నాడు వాడు ఏడుస్తాడు, ఆ పిల్ల మీద నింద పడుతుంది. "లాగౌట్ చెయ్యండర్రా" అని గోడ మీద రాసి పెట్టినా లాభం లేదు, ఎందుకంటే విండో పోయింది, తెర ఖాళీ అయింది, పని అయిపోయిందనే వాళ్ళ లెక్క. వాళ్ళ కంటికి కనబడనిది ఒకటి ఇంకా మిగిలే ఉంది, దాన్ని చూపించాలి. దానికి ఓ ఆట ఉందిరా, కంప్యూటర్ ఆన్ చెయ్యక్కర్లేదు. ఈ ఉత్తరం దానికోసమే!

గది ఆ చివర ఒకరిని సర్వర్‌గా, అంటే వెబ్‌సైట్‌ని నడిపే దూరపు కంప్యూటర్‌గా కూచోబెట్టు. వీపు తరగతి వైపు ఉండాలి, ఇది మర్చిపోవద్దు. దగ్గర ఓ నోటుపుస్తకం, కొన్ని చీటీలు, పిల్లల బొమ్మలున్న పెట్టె, ఎవరి పాస్‌వర్డ్ ఏదో రాసిన కాగితం. ఈ చివర ఒక కుర్చీ, అదే మన కంప్యూటర్. కుర్చీ పక్కన ఇంకొకరు, బ్రౌజర్, అంటే మనకి వెబ్‌సైట్లు తెచ్చి చూపించే ప్రోగ్రాం. వాడికి జేబున్న చొక్కా తప్పనిసరి. ఆట కోసం పాస్‌వర్డ్‌లు కొత్తగా పెట్టు, పిల్లల అసలువి వద్దు.

మొదటి పిల్లాడు కుర్చీలో కూచుని పేరు, పాస్‌వర్డ్ బ్రౌజర్ చెవిలో చెబుతాడు. బ్రౌజర్ నడిచెళ్ళి సర్వర్ చెవిలో చెబుతాడు. సర్వర్ కాగితం చూసి, సరిపోతే ఒక చీటీ మీద అంకె వేసి ఇస్తుంది, అదే అంకెను పిల్లాడి పేరు పక్కన నోటుపుస్తకంలో రాసుకుంటుంది. చీటీ బ్రౌజర్ జేబులోకి వెళ్తుంది. ఇక అక్కణ్ణుంచి పాస్‌వర్డ్ ఊసే లేదు. "నా బొమ్మ చూపించు" అంటే బ్రౌజర్ చీటీ పట్టుకెళ్తాడు, సర్వర్ అంకె చూసి బొమ్మ ఇస్తుంది. రెండుమూడు సార్లు తిప్పు, చీటీయే పని చేస్తోందని వాళ్ళకి పట్టుబడాలి.

ఇప్పుడు ఆ పిల్లాణ్ణి విండో మూసెయ్యమను, అంటే కుర్చీలోంచి లేచిపోవడమే. ఇంకో పిల్లని కూచోబెట్టి "నా బొమ్మ చూపించు" అనమను. బ్రౌజర్ జేబులో ఉన్న చీటీ తీసుకుని వెళ్తాడు. సర్వర్ ముందువాడి బొమ్మే ఇస్తుంది! గదంతా గోలెత్తిపోతుంది చూడు. "అది వాడిది!" అని అందరూ అరుస్తారు. అప్పుడు నువ్వేమీ చెప్పకు. చీటీ ఎక్కడుందని ఒక్క ప్రశ్న అడుగు, చాలు.

ఆట చెడేది ఎక్కడో కూడా చెబుతా. బ్రౌజర్ పిల్లాడు తెలివి చూపించి "నువ్వు వాడివి కాదుగా, ఇవ్వను" అంటాడు. బ్రౌజర్‌కి మొహాలు తెలియవని ముందే చెప్పు. సర్వర్‌ని వెనక్కి తిప్పి కూచోబెట్టమన్నదీ అందుకే, ఎవరు కూచున్నారో దానికి కనబడకూడదు. రెండోది, చీటీల మీద 1, 2, 3 అని వేయించకు. ఐదో తరగతిలో ఎవడో ఒకడు సొంత కాగితం మీద 4 వేసుకుని మరొకరి బొమ్మ తెచ్చేస్తాడు. తెస్తే మాత్రం మెచ్చుకో! అసలు కంప్యూటర్లలోనూ ఆ అంకెను ఊహకందకుండా పొడుగ్గా పెట్టేది అందుకేనని అప్పుడు చెబితే ఇట్టే పట్టుకుంటారు.

ఆ తర్వాత లాగౌట్ ఆడించు. "లాగౌట్" అనగానే బ్రౌజర్ చీటీతో వెళ్తాడు, సర్వర్ నోటుపుస్తకంలో ఆ అంకె కొట్టేస్తుంది, బ్రౌజర్ చీటీ చింపేస్తాడు. ఇప్పుడు ఎవరు కూచున్నా మళ్ళీ పాస్‌వర్డ్ చెప్పాల్సిందే. ఆ చీటీనే కుకీ అంటారని ఇక్కడ చెప్పు, అంతకుముందు వద్దు. ఓపికుంటే ఇంకొకటి ఆడించు: నువ్వు చప్పట్లు కొట్టగానే సర్వర్ పాత అంకెలన్నీ తనంతట తానే కొట్టేస్తుంది. కాసేపు ముట్టుకోకపోతే కొన్ని వెబ్‌సైట్లు బయటికి నెట్టేసేది ఇలాగే.

మరి ల్యాబ్‌లో నీ పని నువ్వూ చెయ్యాలి. బ్రౌజర్ సెట్టింగుల్లో పాస్‌వర్డ్ సేవ్ చెయ్యాలా అని అడిగేదాన్ని ఆపెయ్యి. మూసినప్పుడు కుకీలు తుడిచేసేలా పెట్టు. ‘ఆపిన చోటి నుంచే మొదలుపెట్టు’ అన్నది ఆన్‌లో ఉంటే బ్రౌజర్ మొత్తం మూసి తెరిచినా ముందువాడి ఖాతాయే రావచ్చు, అది చూసుకో. చూసినవేవీ దాచిపెట్టుకోని ప్రైవేటు విండో వాడితే చాలనుకోకు, తెరిచిన ప్రైవేటు విండోలన్నీ మూసేదాకా చీటీ అలాగే ఉంటుంది.

పాస్‌వర్డ్‌ల సంగతి... అది ఇంకో ఉత్తరం రా, కానీ రెండు ముక్కలు. నాలుగంకెలకి 10,000 రకాలుంటాయి. పుట్టినరోజు తేదీ, నెల పెట్టుకుంటే 366కి పడిపోతుంది. పుట్టిన నెల తెలిసిన స్నేహితుడికి మహా అయితే 31. ఈ లెక్క పిల్లల చేతే చేయించు, వాళ్ళ మొహాలు చూసి తీరాలి. సంబంధం లేని మూడు మాటలు కలిపితే చిన్నవాళ్ళకి గుర్తుంటుంది, కానీ తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించేటప్పుడు జాగ్రత్త. ఏనుగుని ఒకరు ‘E’తో మొదలుపెడతారు, ఇంకొకరు ‘Y’తో. మర్నాటికి ఎలా కొట్టారో వాళ్ళకే గుర్తుండదు.

పాస్‌వర్డ్ తప్పని వచ్చినప్పుడు ముందు నీ పేరున్న కీ చూడు, అది ఆన్‌లో ఉంటే అన్నీ పెద్ద అక్షరాలే పడతాయి! తర్వాత భాష మారిందేమో చూడు, విండోస్ కీ, స్పేస్ కలిసి నొక్కుకుంటే మారిపోతుంది. మూడో తరగతి వాళ్ళకి తెర మీద చిన్న అక్షరాలు, కీల మీద పెద్దవి ఉండటమే పెద్ద చిక్కు. రెండూ పక్కపక్కన రాసిన అట్ట ఒకటి ప్రతి కంప్యూటర్ దగ్గరా పెట్టు.

ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా: ఇంకొకరి ఖాతా తెరుచుకుని కనబడితే చేతులు కీబోర్డు మీంచి తీసి నిన్ను పిలవమను. పిలిచిన పిల్లని "నువ్వెందుకు తెరిచావ్" అని ఒక్క మాట కూడా అనకు. అన్నావంటే ఇక ఎవరూ చెప్పరు, గుట్టుగా మూసేసి కూచుంటారు. లాగౌట్ మరిచినవాణ్ణి కూడా అందరి ముందూ నిలబెట్టకు. పీరియడ్ చివర మూడు నిమిషాలు దానికే వదిలెయ్యి, లాగిన్ పేజీ మళ్ళీ కనబడ్డాకే లేవాలి, పక్కవాడు చూసి సరే అనాలి.

పిల్లలు రంగురంగుల దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్ గురించి అడిగావు, అది ఎనిమిదేళ్ళ నుంచి పదహారేళ్ళ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది, మూడో తరగతికి సరిపోతుంది, కానీ తెర మధ్యలో సున్నా ఎందుకుంటుందో ముందు నేల మీద గీత గీసి... అయ్యో, పోస్టుకిచ్చే కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. సర్వర్ వీపు ఇటు వైపు, మర్చిపోకు!

నీ
మౌసుగాడు