శ్రీలంక వెళ్లిన సైనికుల పేర్లు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం. శ్రీలంకకు మన దేశం పంపిన శాంతి దళం ఐపీకేఎఫ్‌లో, అక్కడి ఉత్తరాన ఉన్న జాఫ్నాకు వెళ్లొచ్చిన మాజీ సైనికుణ్ణి. 1987 జులైలో భారత్-శ్రీలంక ఒప్పందం కుదిరి మన దళాలు దిగినప్పుడు అక్కడి తమిళులే దండలేశారు, ఇక్కడి పత్రికలు ఆకాశానికెత్తాయి. అక్టోబరులో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈతో పోరు మొదలయ్యాక అంతా తారుమారైంది. తాటితోపుల మధ్య మట్టిరోడ్డు మీద మందుపాతర ఉందేమోనని ఒక్కో అడుగూ చూసి వేస్తున్న రోజుల్లో, 'ఆ యుద్ధం మనకెందుకని ఊళ్లో అంటున్నార్రా' అని నాన్న ఇన్‌లాండ్ లెటర్ రాశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, అడగాల్సిందే కూడా, కానీ ఢిల్లీని అడగాలి, సెలవు మీద ఇంటికొచ్చిన జవాన్ని బస్టాండులో నిలబెట్టి కాదు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు చేరితే తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతానికి రానన్నారు. దాదాపు 1,200 మంది చనిపోయారండి! వాళ్లకు కొలంబో పక్కన కోట్టెలో శ్రీలంక ప్రభుత్వమే స్మారకం కట్టింది, ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం మాత్రం 2019లో గానీ రాలేదు.

యుద్ధం తప్పని రాయండి, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. కానీ తెలుగు జిల్లాల నుంచి వెళ్లి తిరిగిరాని వాళ్ల పేర్లు ఏటా ఆ ఒప్పందం కుదిరిన జులై 29న మీ జిల్లా ఎడిషన్‌లో వేయండి.

- ఒక మాజీ హవల్దార్, ప్రకాశం జిల్లా